తూకం సరిపోతే చాలదు: చెన్నై నాణేల ప్రదర్శనల నిర్వాహకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన నిర్వాహకులకు,

మీ ప్రదర్శనల్లో ఉచితంగా నాణేలు పరీక్షించే బల్ల ఒకటి పెట్టడం మంచి అలవాటు. ఎగ్మోర్‌లో జరిగినా, టీ నగర్‌లో జరిగినా, నెల్లూరు, సూళ్లూరుపేట, తిరుపతి వైపు నుంచి పొద్దున్నే రైలెక్కి వచ్చే తెలుగువాళ్లు ముందు ఆ బల్ల దగ్గరికే వెళ్తారు. అక్కడ నాణెం కాటాలో వేస్తారు, అయస్కాంతం ఆనిస్తారు, "11.66 గ్రాములుంది, వెండే, ఒరిజినల్" అంటారు. ఆ ఒక్క మాట మీద నమ్మకంతో పక్క బల్ల మీద వేల రూపాయలు చేతులు మారుతున్నాయి. ఈ పద్ధతి మార్చమని అడగడానికే ఈ లేఖ.

నకిలీ నాణెం వేరు, మార్చిన నాణెం వేరు. నకిలీ టంకశాల మొహం చూడని వస్తువు. లోహం దగ్గర్నుంచి అక్షరం దాకా ఎవరో బయట తయారుచేసింది. మార్చినది మాత్రం టంకశాలలో పుట్టిన అసలు నాణెమే. తర్వాత ఎవరో దాని మీద ఒక అంకెను చెక్కారు, లేదా ఒక చుక్క అతికించారు, లేదా ఉన్న గుర్తును గీకేశారు. నకిలీలో తప్పు ఒళ్లంతా ఉంటుంది, కాబట్టి తూకం, కొలత, సాంద్రత చాలాసార్లు దాన్ని పట్టిస్తాయి. మార్చినదానిలో తప్పు ఆవగింజంత చోట దాక్కుంటుంది. మిగతా నాణెమంతా నిజమే కాబట్టి మీ బల్ల మీద చేసే పరీక్షలన్నీ అది నెగ్గుతుంది. నెగ్గాక దానికి మీ సంఘం మాట కూడా తోడవుతుంది. అక్కడే అసలు నష్టం.

ఆరవ జార్జి 1939 రూపాయినే తీసుకోండి. ఆ రాజు రూపాయల్లో అన్నిటికన్నా అరుదైనది అదే. 1938 రూపాయి మామూలుగా దొరుకుతుంది. రెండిటి బరువు 11.66 గ్రాములే, రెండూ 91.7 శాతం వెండే, రెండిటి అంచునా నిలువు గీతలే. 1938లోని 8కి కింది సున్నాలో ఎడమ వైపు గీతను సన్న ఉలితో తీసేస్తే 9 తయారవుతుంది. ఆ నాణేన్ని ఎన్నిసార్లు తూచినా, ఏ యంత్రంలో పెట్టినా అసలు రూపాయి అనే చెబుతుంది, ఎందుకంటే అది అసలు రూపాయే. 1939 మాత్రం కాదు. 1940 నుంచి వెండిని 50 శాతానికి తగ్గించి, అంచు మధ్యలో భద్రతా గాడి పెట్టారు. కాబట్టి ఆ తర్వాతి రూపాయిని 1939గా మార్చితే అంచు చూసి, సాంద్రత చూసి పట్టుకోవచ్చు. 1938ని మార్చితే అంకె దగ్గర తప్ప ఇంకెక్కడా ఆధారం దొరకదు.

దొరికే ఆ ఆధారం చూడటం కష్టమేమీ కాదు. 10 రెట్ల భూతద్దంతో మొదలుపెట్టి, అనుమానం వస్తే 30 రెట్ల దాకా వెళ్లాలి. పై నుంచి పడే ట్యూబ్‌లైటు కింద చూస్తే ఏమీ తెలియదు. ఒక చిన్న ఎల్ఈడీ దీపాన్ని బల్లకు దగ్గరగా దించి, కాంతి నాణెం మీద ఏటవాలుగా జారేలా పెట్టి, నాణేన్ని నెమ్మదిగా తిప్పాలి. గీకిన చోట మైదానం, అంటే అక్షరాలూ బొమ్మలూ లేని చదును భాగం, కొద్దిగా పల్లంగా, చుట్టూ ఉన్న తళుకుతో కలవకుండా కనిపిస్తుంది. అసలు ముద్రలో లోహం నడిమి నుంచి అంచు వైపు పారిన సన్నటి జాడలుంటాయి. నాణెం తిప్పుతుంటే వాటి మీద కాంతి తిరుగుతుంది. అంకె పక్కన ఆ తిరుగుడు తెగిపోయిందంటే అక్కడ చెయ్యి పడినట్టే. పాతబడిన నలుపు నాణెమంతా ఒకేలా ఉండి అంకె చుట్టూ మాత్రం వేరేగా ఉన్నా అదే అర్థం. చివరగా అంకె ఆకారం. కోసి చేసిన 9కి పై సున్నా 8 పై సున్నా కొలతల్లోనే ఉంటుంది, కింది కొన మొండిగా తెగినట్టుంటుంది. నిజమైన 1939 రూపాయి ఫోటో, అంకె దగ్గర పెద్దది చేసి తీసినది, బల్ల మీద ఉండి తీరాలి. జ్ఞాపకం మీద ఆధారపడి పోల్చవద్దు.

ఇక్కడ ఒక సూత్రం చెప్పాలి. పరీక్ష బల్ల దగ్గర కూర్చునేవారికి ఇది ఒక్కటి వంటబడితే సగం పని అయినట్టే. నాణెం మీద పైకి లేచిన గీత అచ్చులోంచి, అంటే ముద్రకొట్టే లోహపు దిమ్మలోంచి వచ్చింది, లోపలికి దిగిన గీత సాధారణంగా నాణెం మీద తర్వాత పడింది. అచ్చును మెరుగుపెట్టినప్పుడు దాని మీద గాట్లు పడతాయి, ముద్ర వేస్తే అవి నాణెం మీద సన్నటి లేచిన గీతలవుతాయి. అసలు అచ్చులకూ ఇవి ఉంటాయి, కాబట్టి లేచిన గీత కనిపించగానే నకిలీ అనకూడదు. దిగిన గీతలు మాత్రం ఎక్కువగా నాణెం ముద్రపడ్డాక పడినవే. అవి నాణెమంతా చెదిరి ఉంటే ఎవరో తోమారని అర్థం. ఒక్క అంకె చుట్టూ, ఒక్క చుక్క చుట్టూ గుమిగూడి ఉంటే ఆ నాణెం మార్చినదేమోనని ఆగి చూడాలి.

ఇక తూకం సంగతి. తూకం వద్దని మేము అనడం లేదు, దాన్ని సరిగా చేయమంటున్నాం. 1835 నుంచి 1939 దాకా వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు, వ్యాసం సుమారు 30.5 మిల్లీమీటర్లు. బాగా చేతులు మారి అరిగినది 11.4కీ, ఒక్కోసారి ఇంకా కిందికీ దిగుతుంది. అక్షరాలన్నీ పదునుగా, కొత్తగా కనిపిస్తూ 11.3 తూగే రూపాయిని మాత్రం పక్కన పెట్టాలి. అరుగుదల లేని చోట బరువు ఎలా పోయిందన్నదానికి జవాబు ఉండదు. గ్రాములో నూరో వంతు చూపే కాటా కావాలి, రోజూ ప్రమాణ బరువుతో సరిచూడాలి. ఫ్యాను కింద పెట్టకూడదు. ఆ గాలికి చివరి అంకె అటూ ఇటూ ఊగుతుంది.

అయస్కాంతం ఇనుము, నికెల్ లాంటివాటిని పట్టిస్తుంది, అంతే. ఇత్తడి, జర్మన్ సిల్వర్ (వెండే లేని రాగి, నికెల్, జింకు మిశ్రమం), సీసం దానికి అంటుకోవు, కాబట్టి అంటుకోకపోవడం వెండికి రుజువు కాదు. తిరగేసి చూసినా అంతే. 1947 రూపాయి శుద్ధ నికెల్‌తో చేసింది, అయస్కాంతానికి గట్టిగా అంటుకుంటుంది. అలా అంటుకుందని అసలు 1947 రూపాయిని నకిలీ అనేస్తే అది తెచ్చినవారికి జరిగే అన్యాయం చిన్నది కాదు.

వెండిని నిజంగా చూపేది సాంద్రత. తేలికపాటి ప్లాస్టిక్ గ్లాసులో 100 మిల్లీలీటర్ల నీళ్లు పోసి కాటా మీద పెట్టి సున్నా చేయండి. సన్నటి నైలాన్ దారానికి నాణెం కట్టి, అడుగునా పక్కలా తగలకుండా పూర్తిగా నీళ్లలో వేలాడదీయండి. కాటా చూపే అంకెతో నాణెం బరువును భాగించండి. 91.7 శాతం వెండి రూపాయికి కాటా 1.13 దగ్గర ఆగుతుంది, సాంద్రత 10.3 వస్తుంది. 50 శాతం వెండికి 1.22 దగ్గర ఆగి 9.5 వస్తుంది. జర్మన్ సిల్వర్ అయితే 1.35 చుట్టూ ఉంటుంది, సాంద్రత 8.6 దగ్గరే ఆగిపోతుంది. ఇందులో తప్పు జరిగేది ఎక్కువగా బుడగల వల్ల. అంచు గీతల్లో గాలి బుడగ నిలిస్తే కాటా ఎక్కువ చూపి, మంచి వెండిని తక్కువ వెండిగా తేలుస్తుంది. నీళ్లలో ఒక్క చుక్క గిన్నెల సబ్బు కలిపితే బుడగలు నిలవవు. నాణెం అడుగును తాకితే మొత్తం బరువే కాటా మీద పడుతుంది, ఆ లెక్క పనికిరాదు.

కొన్నిచోట్ల సౌకార్‌పేట నగల అంగళ్లలో వాడే ఎక్స్ఆర్ఎఫ్ యంత్రం (ఎక్స్‌-కిరణాలతో ఏ లోహం ఎంత ఉందో చెప్పేది) చీటీని చూపించి "సర్టిఫికెట్ ఉంది" అంటున్నారు. ఆ యంత్రం చదివేది పైపొరను, మిల్లీమీటరులో కొన్ని నూరో వంతుల లోతు వరకే. మందంగా వెండి పూత పూసిన రాగి బిళ్ల కూడా అక్కడ వెండిగానే తేలుతుంది. పూత విషయంలో తూకం ఇంకా నమ్మకమైనది. పాత రాగి కాలణా బరువు సుమారు 6.47 గ్రాములు. దానికి వెండి పూత పూసి "వెండి మీద ముద్రపడ్డ అరుదైన కాలణా" అని అమ్ముతారు. అదే కొలతలో నిజంగా వెండి బిళ్ల అయితే 7.5 గ్రాములు తూగాలి. గీటురాయి మీద రుద్ది ఆమ్లం చుక్క వేసే పరీక్షను మీ హాల్లో పూర్తిగా నిషేధించండి. అది మంచి నాణేన్ని కూడా పాడుచేస్తుంది, పైగా సరైన వెండితోనే చేసిన నకిలీని పట్టలేదు. అరుదైన నాణెం ధర ముందు వెండి ధర ఎంత? నకిలీ చేసేవాళ్లు వెండి దగ్గర పిసినారితనం చూపడం లేదు.

నకిలీల్లో పోత పోసినవి పట్టడం తేలిక. భూతద్దంలో మైదానం ఇసుక పరిచినట్టు గరుకుగా, అక్షరాల అంచులు కరిగినట్టు మొద్దుగా ఉంటాయి. అంచు చుట్టూ రెండు సగాలు కలిసిన గీత ఉంటుంది, లేదా ఆ గీతను ఆకురాయితో అరగదీసిన జాడ ఉంటుంది. కరిగిన వెండి గట్టిపడేటప్పుడు కుంచించుకుపోతుంది కాబట్టి వ్యాసం అసలుకన్నా అర మిల్లీమీటరు దాకా తగ్గవచ్చు. అసలు నాణెం నుంచి అచ్చు తీసి, ఆ అచ్చుతో మళ్లీ ముద్రకొట్టిన నకిలీలే ప్రమాదకరం. వీటి అక్షరాలు పదునుగానే ఉంటాయి. కానీ తల్లి నాణెం మీద ఉన్న దెబ్బలు, నొక్కులు కూడా అచ్చులోకి దిగి, దాంతో కొట్టిన ప్రతి పిల్ల మీదా అదే చోట కనిపిస్తాయి. రాజు చెవి కింద ఒకే ఆకారంలో నొక్కు ఉన్న రెండు రూపాయలు ఒకే ప్రదర్శనలో రెండు బల్లల మీద ఉంటే రెండూ నకిలీలే కావచ్చు, లేదా ఒకటి తల్లి కావచ్చు. విద్యుత్ నిప్పురవ్వలతో తొలిచిన అచ్చుకైతే మరో జాడ ఉంటుంది. అచ్చు మైదానాన్ని నున్నగా మెరుగుపెట్టగలరు గానీ అక్షరాల గుంటల లోపలికి చెయ్యి పోదు. అందుకే నాణెం మీద మైదానం అద్దంలా మెరుస్తూ, అక్షరాల పైభాగం మాత్రం సన్నటి మొటిమలతో ఉంటుంది. ఇవన్నీ చెప్పేది ఒకటే: అనుమానించిన ప్రతి నాణేనికీ రెండు వైపులా, అంచునా ఫోటో తీసి దాచండి. ఒక్క నాణేన్ని చూసి తేల్చలేనిది పక్కన రెండోది పెడితే తేలుతుంది.

చేత్తో ముద్రకొట్టిన పాత నాణేలకు ఇదే న్యాయం ఇంకా గట్టిగా వర్తిస్తుంది. సుమారు 3.4 గ్రాముల విజయనగర వరహాలు ఒకే అచ్చుతో కొట్టినవైనా వాటి బిళ్ల ఆకారం, ముద్ర పక్కకు జరిగిన తీరు, అంచు పగులు ఎన్నటికీ ఒకేలా ఉండవు. ఆ మూడూ ఒకేలా ఉన్న రెండు వరహాలు కనిపిస్తే అవి ఒకే మూసలోంచి వచ్చాయని అర్థం. అయితే అజ్ఞానంతో మంచివాటిని తోసేయడం కూడా జరుగుతోంది. ప్రాచీన భారతంలో పోత పోసే చేసిన రాగి నాణేలున్నాయి, వాటిలో పోత జాడ ఉండటమే సహజం. మన మద్రాసు టంకశాలలో వేసిన గోపురం బొమ్మ వెండి అర వరహాను చూడండి, తెలుగు, తమిళ అక్షరాలు రెండూ ఉన్నది. చాలావాటిని స్పెయిన్ డాలర్ల మీదే ముద్రించారు. గోపురం కింద పాత డాలరు అక్షరాల ఛాయ కనిపిస్తే అది మార్పు కాదు, ఆ నాణెం పుట్టుకకు సాక్ష్యం.

దక్షిణాదిలో ఎక్కువగా కనిపించే మార్పు నగల వల్ల వచ్చేది. రూపాయలకు కొక్కేలు పెట్టి దండలుగా గుచ్చుకున్న ఇళ్లు మనవైపు ఎన్నో. తర్వాత కొక్కెం తీసి, టంకం అరగదీసి, అక్కడ పోయిన అంచు గీతల్ని మళ్లీ చేత్తో కోసి మామూలు రూపాయిగా అమ్ముతారు. నాణేన్ని అంచు మీద నిలబెట్టి, రాజు తల పైన 12 గంటల చోటు చూడండి. చేత్తో కోసిన గీతల మధ్య ఎడం ఒకేలా ఉండదు, లోతూ ఒకేలా ఉండదు. టంకం మిగిలిన చోట వెండి రంగు కాస్త పసుపుగానో బూడిదగానో తేడా చూపిస్తుంది. ఎక్స్ఆర్ఎఫ్ నిజంగా పనికొచ్చేది ఇక్కడ: ఆ ఒక్క చోట చదివి, మరో చోట చదివి పోల్చితే జింకు లాంటివి అక్కడ మాత్రమే తేలతాయి. ఇలాంటి రూపాయిని అమ్మకూడదని మేము అనం. కొక్కెం తీసిందని చెప్పి అమ్మాలి.

అతికించిన గుర్తుల సంగతి క్లుప్తంగా చెబుతాం. నాణెం ఏ టంకశాలదో చెప్పే బొంబాయి చుక్క, హైదరాబాద్ నక్షత్రం లాంటివి జిగురుతో పెడితే అసిటోన్‌లో నానబెట్టినప్పుడు మెత్తబడి ఊడతాయి. టంకంతో పెడితే 30 రెట్లలో చుక్క మొదట్లో గీత కనిపిస్తుంది. నిజమైన చుక్క మైదానంలోంచి ఏటవాలుగా లేస్తుంది, అతుకు ఉండదు. 1912 రూపాయిని 1911గా మార్చినది దొరికితే అంకె కూడా చూడక్కర్లేదు. 1911లో రాజు అయిదవ జార్జి వస్త్రం మీది ఏనుగు పందిలా ఉందని గొడవ జరిగాక, 1912 నుంచి తొండం పొడుగ్గా, స్పష్టంగా చెక్కారు. 1911 అంకె ఉండి ఏనుగు చక్కగా ఉంటే లెక్క తప్పినట్టే.

ఈమధ్య మీ హాళ్లలో ఎక్కువగా అమ్ముడవుతున్నవి "మింట్ ఎర్రర్లు", అంటే టంకశాలలోనే పొరపాటు పడ్డాయని చెప్పే నాణేలు. ఇవి దాదాపు అన్నీ మార్చినవాటి కిందికే వస్తాయి. రెండు నాణేల్ని వైస్‌లో పెట్టి బిగిస్తే ఒకదాని మీద రెండోదాని బొమ్మ తిరగబడి, లోపలికి దిగి పడుతుంది. టంకశాలలో నిజంగా జరిగిన పొరపాటైతే వెనక వైపు బొమ్మ పదునుగా ఉంటుంది. వైస్‌లో బిగించిందైతే వెనక వైపు బొమ్మ నలిగి చదునవుతుంది. పది రూపాయల నాణెంలో నడిమి ముక్కను కొట్టి తీసి, తిప్పి పెట్టి అమ్ముతున్నారు. వలయమూ నడిమి ముక్కా ఒకే దెబ్బకు ముద్రపడి బిగుసుకుంటాయి. తీసి పెట్టినదానిలో రెండూ కలిసే చోట సందు, గోకిన జాడలు ఉంటాయి. రెండు వైపులా ఒకే బొమ్మ ఉన్న నాణెమైతే అంచు గట్టుకు లోపలి మొదట్లో గుండ్రంగా అతుకు గీత వెతకండి.

1616, 1717, 1818 అని వేసి, ఒక వైపు రాముడో హనుమంతుడో ఉండి, మరో వైపు ఈస్టిండియా కంపెనీ పేరున్న బిళ్లలు నకిలీలూ కావు, మార్చినవీ కావు. అలాంటి నాణేలు కంపెనీ ఎన్నడూ వేయలేదు. బియ్యం గింజల్ని లాగుతుందని చెప్పి లక్షలు గుంజే ముఠాల చేతిలో తిరిగేవి ఇవే. వీటిని హాల్లోకి రానివ్వడమే తప్పు. పాత నాణేలు కొంటామంటూ తమ పేరు వాడుకుని ఫీజులు, కమీషన్లు అడిగేవారితో తమకు సంబంధం లేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటించింది. ఆ ప్రకటనను తెలుగు, తమిళంలో పెద్దక్షరాలతో గుమ్మం దగ్గర అంటించండి.

ఇక మా కోరికలు. పరీక్ష బల్ల మీద కాటా, స్లైడ్ కాలిపర్, నీళ్ల గ్లాసు, ఏటవాలు దీపం, 30 రెట్ల దాకా చూపే సూక్ష్మదర్శిని, పోల్చడానికి ఫోటోలు ఉండాలి. ఇదేమీ పెద్ద ఖర్చు కాదు, ఒక బల్లకు మీరు తీసుకునే అద్దెలో సర్దుకోవచ్చు. "ఒరిజినల్" అని నోటితో చెప్పడం మానేసి చీటీ ఇవ్వండి. అందులో బరువు, వ్యాసం, సాంద్రత రాసి, కింద నాలుగు మాటల్లో ఒకటి గుర్తు పెట్టండి: అసలు, మార్చినది, నకిలీ, తేల్చలేదు. మార్చినదైతే ఎక్కడ మార్చారో రాయండి. "తేల్చలేదు" అని రాయడానికి మొహమాటం అక్కర్లేదు. అంతర్జాతీయ గ్రేడింగ్ సంస్థలు కూడా మార్చిన నాణేనికి మామూలు గ్రేడు అంకె ఇవ్వవు.

అమ్మకందార్లు "పాత నాణెం ఒకటి" అని రాసిచ్చే బిల్లును ఒప్పుకోకండి. ఏ రాజు, ఏ ఏడాది, ఏ టంకశాల, ఎంత బరువు, మార్పు ఏమైనా ఉందా అన్నవి బిల్లు మీద ఉండాలి. తెలిసీ మార్పు దాచి అమ్మడం మోసమే, భారతీయ న్యాయ సంహితలో దానికి 318వ సెక్షన్ ఉంది. కానీ బిల్లులో ఏడాదే లేకపోతే కొన్నవారు ఏ కాగితం పట్టుకుని స్టేషనుకు వెళ్తారు? నకిలీ తేలితే ఎన్నాళ్లయినా డబ్బు వాపసు ఇవ్వాలి. మార్చినదని తేలితే, చీటీలో ఆ మాట లేకపోతే, 30 రోజుల్లో వాపసు ఇవ్వాలి. ఈ రెండు షరతులకు సంతకం పెట్టనివారికి బల్ల ఇవ్వకండి. నమూనా బిళ్లలు అమ్మేవారు వాటి మీద "నకలు" అని లోతుగా ముద్రకొట్టాలి. అమెరికాలో 1973 నుంచే చట్టం ఇలా అడుగుతోంది. మీరు చట్టం కోసం ఆగక్కర్లేదు, మీ హాలు నిబంధనగా పెట్టుకుంటే చాలు.

మా వంతుగా, ఈ లేఖలో చెప్పిన పరీక్షలన్నీ చేసి చూపడానికి, తెలుగులో చీటీలు రాయడానికి, 1938, 1939 అంకెల పెద్ద ఫోటోలు అచ్చు వేయించి ఇవ్వడానికి మేము సిద్ధం. వచ్చే ప్రదర్శనలో గోడ పక్కన ప్లగ్గు ఉన్న ఒక బల్ల, ఫ్యాను గాలి తగలని చోట, కేటాయించండి.

ఇట్లు,
చెన్నైలోని తెలుగు నాణేల సేకరణదారులం